చిన్న స్విచ్చి – దాని నిర్వహణ

ఝరాసంగం మండలములోని మాచునూర్ నుండి 2008లో ప్రారంభమైన సంఘం రేడియో ఒకే మాటను చుట్టుపట్ల గ్రామములన్నిటికి వినిపించినది. కంప్యూటర్లను కలుపు స్విచ్చి పని ఇందుకు భిన్నము. ప్రతి యంత్రమునకు గల 48 బిట్ల చిరునామాను గుర్తుంచుకొని, సమాచారమును చేరవలసిన పోర్టునకే అది పంపును.

ఈ పెట్టెకు తెర లేదు; కావున బ్రౌజరు ద్వారా దానిని అమర్చుకొందుము. స్విచ్చి చిరునామా 192.168.0.1 అయినచో, తీగతో కలిపిన కంప్యూటరునకు 192.168.0.10 వంటి చిరునామాను, 255.255.255.0 మాస్కును ఈయవలెను. బ్రౌజరులో స్విచ్చి చిరునామా వ్రాయగనే ప్రవేశపుట తెరుచుకొనును. పాస్‌వర్డు మార్చుటయే మొదటి పని; తయారీదారు ఇచ్చినది చేపుస్తకములో అచ్చయి యుండును గదా!

పిదప విద్యార్థుల యంత్రములను, మార్కులు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు ఉండు ఆఫీసు యంత్రములను వేర్వేరు వీలాన్లుగా విభజింపవలెను. ఇందుకు 1 నుండి 4094 వరకు సంఖ్యలు కలవు.

ఇచ్చటనే మేము పొరబడితిమి. మా కంప్యూటరున్న పోర్టునే మరొక వీలానులో చేర్చి, కూర్చున్న కొమ్మను నరుకుకొంటిమి. పుట మరల తెరుచుకొనలేదు. మార్పును భద్రపరచలేదు గనుక, కరెంటు తీసి పెట్టగనే పాత అమరిక తిరిగి వచ్చి మమ్ము కాపాడినది. ఆ గుణమే మరునాడు దోషమైనది: సరిగా అమర్చియు భద్రపరచుట మరచితిమి, రాత్రి కరెంటు పోయి శ్రమయంతయు వ్యర్థమైనది.

ఒకే తీగ రెండు కొసలను ఒకే స్విచ్చికి తగిలించినచో సమాచారము వలయమున తిరుగుచు నెట్‌వర్కును స్తంభింపజేయును. రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన స్పానింగ్ ట్రీ విధానమును ఆన్ చేసినచో ఈ బాధ తప్పును.

కావున విద్యార్థులారా, మార్చుటకు ముందు మీరున్న పోర్టును చూచుకొనుడు. పరీక్షించిన పిదప భద్రపరచుడు.