జర్మన్ భాషలో ‘ఎవరు?’

నర్సింగ్ చదివి జర్మనీలో ఉద్యోగం చేయాలంటే సాధారణంగా బి2 స్థాయి జర్మన్ రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ భాషలో శిక్షణ ఇప్పిస్తోంది. రేగోడ్‌లో మనం చదువుకున్న తెలుగు విభక్తులు అక్కడ ఎంతో పనికొస్తాయి. చూడండి:

ఎవరు? – వేర్. వేర్ కొమ్ట్? (ఎవరు వస్తున్నారు?)
ఎవరిని? – వేన్. వేన్ ఫ్రాగ్‌స్ట్ డూ? (ఎవరిని అడుగుతున్నావు?)
ఎవరికి? – వేమ్. వేమ్ హిల్ఫ్‌స్ట్ డూ? (ఎవరికి సాయం చేస్తున్నావు?)
ఎవరి? – వెస్సెన్. వెస్సెన్ బూఖ్ ఇస్ట్ డాస్? (ఇది ఎవరి పుస్తకం?)

కి, కు, యొక్క అనే వాటిని మనం షష్ఠిలోనే చదువుకున్నాం. జర్మన్‌లో మాత్రం ‘కి’కి వేమ్, ‘యొక్క’కు వెస్సెన్ వేరువేరు. ఆడవారైనా మగవారైనా, ఒకరైనా పదిమందైనా ఈ నాలుగు మాటలు మారవు.

ఒక్క జాగ్రత్త! మనం ‘ఎవరికి ఫోన్ చేస్తున్నావు?’ అంటాం. వాళ్లు ‘వేన్ రూఫ్‌స్ట్ డూ ఆన్?’ అంటారు. మనం ‘ఎవరిని నమ్ముతున్నావు?’ అంటే, వాళ్లు ‘వేమ్ గ్లౌప్‌స్ట్ డూ?’ అంటారు. అంటే విభక్తిని నిర్ణయించేది క్రియ. కాబట్టి ప్రతి క్రియనూ దాని విభక్తితో కలిపి కంఠస్థం చేయండి. ఆస్పత్రిలో మందు ఎవరికో, అడగాల్సింది ఎవరినో తేడా రాకూడదు కదా!