రెక్కలో ఒక చిన్న రంధ్రం

తమ్ముళ్లూ, అమెరికాలో విమానాన్ని ఇంటి షెడ్డులోనే తయారు చేసుకునేవాళ్లున్నారు. ఓరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆర్‌వీ రకం విమానాల భాగాలను కిట్లుగా అమ్ముతుంది. బిగించుకోవడం కొన్నవాళ్ల పని.

రెక్కలో పొడవునా స్పార్ అనే దూలం, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి రిబ్బులు, పైన మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం రేకు ఉంటాయి. రేకు ఒక్కటే అయితే చేత్తో వంగుతుంది. మన ట్రంకు పెట్టెలోలాగే రివెట్లతో అన్నీ కలిస్తేనే బలం.

రివెట్టుకు ముందు రంధ్రం చేయాలి. డ్రిల్లు వేశాక అంచున గరుకు మిగులుతుంది. పెద్ద బిట్టును చేత్తో ఒక్క చుట్టు తిప్పితే అది పోతుంది. రెక్కకు వేలాది రంధ్రాలు, కాబట్టి విసుగు పుట్టించే పనే! కానీ వదిలేస్తే అక్కడే ఒత్తిడి పోగవుతుంది. బైండింగు తీగను అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో, ఎగిరిన ప్రతిసారీ పగులు అలాగే కొంచెం కొంచెం పాకుతుంది. ఎం.టెక్.లో దీన్నే మేము ఫెటీగ్ అని చదివాం.

రివెట్టుకు ఒకవైపు గన్ను, మరోవైపు బరువైన ఇనుప దిమ్మ పట్టాలి. 3.2 మి.మీ. రివెట్టు నలిగి సుమారు 4.8 మి.మీ. వెడల్పు, 1.6 మి.మీ. ఎత్తు తల కట్టాలి. వంకర పోతే తొలిచి తీసి మళ్లీ వేయాలి. ఇక్కడ 35 మార్కులకు పాసు లేదు.

2023లో ఆ సంస్థ లేజరుతో కోయించిన కొన్ని భాగాల్లో రంధ్రాల అంచులు పగిలాయి. వాటిని మార్చి ఇచ్చే ఖర్చు కూడా తోడై, ఆ డిసెంబరులో సంస్థ దివాలా కోర్టుకు వెళ్లింది.