గురువారం అంటే గురువారమే

బోధన్

చిరంజీవి బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. దోస్తులతో కలిసి శక్కర్‌నగర్‌లో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లకు బియ్యం, దుప్పట్లు పంచుతామని రాశావు. పంచండి. పంచి మీరు నిజామాబాద్ బస్సెక్కాక ఆ ఇంట్లో ఏముంటుందో కూడా ఆలోచించు. దుప్పటి ఉంటుంది. మాట్లాడే మనిషి ఉండడు.

1937లో షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి ఈ ఊరు సైరన్‌తో లేచింది, సైరన్‌తో పడుకుంది. సీజన్‌లో చెరకు బండ్లు రాత్రంతా బారులు తీరి ఉండేవి. ఎవరింట్లో జ్వరమొచ్చినా తెల్లారేసరికి శక్కర్‌నగర్ కాలనీ అంతా తెలిసిపోయేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. పిల్లలు కొందరు హైదరాబాద్ పోయారు, కొందరు గల్ఫ్ పోయారు, పెద్దవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. కొడుకు పైసలు పంపుతున్నాడు కదా, వాళ్లకేం కొదవ అంటారు జనం. రాత్రిపూట కాలు జారి పడితే లేపడానికి ఆ పైసలు రావు బిడ్డా.

మా వెనక గల్లీలో ఒక అవ్వ ఉంది. బతుకంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. తునికాకు రుద్దీ రుద్దీ బొటనవేలు నున్నగా అరిగిపోయింది. పింఛను రోజు మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా ముద్ర పడలేదు. తప్పు తనదే అన్నట్టు కొంగుతో వేలు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ పెట్టింది. వెనక లైన్‌లో వాళ్లు విసుక్కుంటున్నారు. నేను పక్కన నిలబడి ఎడమచేతి ఉంగరపు వేలు పెట్టించాను. పడింది. ఆ రోజు ఆమెకు కావలసింది పక్కన ఒక మనిషి, అంతే.

ఇక ప్రతి గురువారం వస్తానని ఆమెకు మాటిచ్చాను. మూడో వారం చుట్టాల పెళ్లికి పోయి, రావడం లేదని కబురు కూడా పెట్టలేదు. మరుసటి వారం పోతే గడప పక్కన నాకోసం వేసిన స్టూల్ అట్లనే ఉంది. "ఒంట్లో బాగుంటలేదా కొడుకా?" అని నన్నే అడిగింది. ఆ మాట ఇప్పటికీ గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే చెప్తున్నా, యాభై ఇళ్లు వద్దు. రెండిళ్లు చాలు, రోజు మాత్రం తప్పొద్దు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సేవ, అంటే నయంకాని జబ్బులవాళ్ల బాధ తగ్గించే సేవ, ఊరూరా పాకింది వారానికి కనీసం రెండు గంటలు ఇచ్చే మామూలు ఇరుగుపొరుగు వల్లనే. పోగానే సలహాలు మొదలుపెట్టకు, కూర్చో. మాటల్లో మాటగా బీపీ గోలీల పట్టీ చూడు, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టు. పొయ్యి వెలిగిందో లేదో చూడు. పింఛను పైసలు ఒక్కడివే తీసుకురాకు, ఆ మనిషినీ వెంట తీసుకుపో. ఫోటోలు అసలే వద్దు. సాయం తీసుకుంటున్న ముఖం ఊరంతా చూడటం ఎవరికీ ఇష్టముండదు.

కన్నవాళ్లను కొడుకులే బయటికి నెట్టిన ఇల్లు ఎదురైతే నువ్వు పంచాయితీ పెట్టకు. 2007 నాటి పెద్దల పోషణ చట్టం ఉంది, ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ముందు పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. అర్జీ రాయడానికి నీ చదువు పనికొస్తుంది.

వచ్చే గురువారం నాలుగు గంటలకల్లా రా. ఇద్దరం వస్తామని అవ్వకు చెప్పేశాను.

మీ పెద్దబాపు