పడవ అడుగున పాత మరమేకుల రంధ్రములను మూయు విధము

తిరువూరు మెట్ట రైతునకు పడవతో నేమి పని యని కొంద రడుగవచ్చును. చెరువులలో చేపలు పెంచువారికి మేత చల్లుటకు, వల లాగుటకు పడవ కావలయును. కట్టలేరు పొంగినపుడు దారులు తెగుట మన మెరిగినదే. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడలో పేటలకు పేటలు మునిగినపుడు పడవ విలువ ఎల్లరకును తెలిసినది. ఏడాది పొడుగున ఒడ్డున బోర్లించియున్న పడవను అట్టి దినమున దింపునపుడు అడుగు పరీక్షించు తీరిక ఎవరికుండును?

పాత మోటారు పట్టీనిగాని, నీరు తోడు పంపునుగాని తీసి క్రొత్తది బిగించునపుడు దాని రంధ్రములు పాతవానితో సరిపడవు. పనివాడు క్రొత్తవి తొలిచి, పాతవానిపై ఇంత లప్పము మెత్తి, రంగు పూసి పోవును. చూచుటకు బాగుగనే యుండును. కాని నీటిమట్టమునకు ఒక అడుగు దిగువన 6 మిల్లీమీటర్ల రంధ్ర మొక్కటి తెరచుకొన్నచో గంటకు సుమారు 150 లీటర్ల నీరు లోనికి వచ్చును. వ్యాసము రెట్టింపైనచో నీరు నాలుగు రెట్లగును. రాత్రి కట్టివేసిన చిన్న పడవ తెల్లవారునప్పటికి మునుగుటకు ఇది చాలును. కావున క్రొత్త పరికరము బిగింపకమునుపే పాత రంధ్రమును మూయవలెను. బిగించిన పిదప అక్కడికి చేయి పోదు.

కొయ్య పడవ సంగతి మొదట చూతము. ఇనుప మేకు త్రుప్పుపట్టిన చోట చుట్టునున్న కొయ్య నల్లబడి, మెత్తబడి, పట్టు కోల్పోవును. అందు ఇంకను లావైన మేకును దిగవేయుట మన యూళ్లలో వాడుక. అది పనికిరాదు, చచ్చిన కొయ్య ఏ మేకును పట్టదు. బరమాతో నల్లని భాగమంతయు పోయి మంచి కొయ్య కనబడువరకు తొలిచి, కొన్నిదినములు నీడన ఆరనిచ్చి, అదే జాతి కొయ్యతో బిరడా చేసి జిగురుతో దిగగొట్టవలెను. పలక నార ఏ దిక్కునకు సాగునో బిరడా నారయు ఆ దిక్కునకే యుండవలెను. గుండ్రని పుల్లను నిలువుగా కోసి కొట్టినచో దాని కొన గడ్డిపరకవలె నీటిని పీల్చును.

మసూలా పడవలను కట్టిన మన తీరపు వడ్రంగులు మామిడి పలకలను కొబ్బరి నారత్రాటితో కుట్టిరి. మేకులతో బిగించిన పడవ అలల పోటునకు సందులు విడిపోవును; కుట్టిన పడవ వంగి తట్టుకొనును. వారికి త్రుప్పు బెడద లేకపోయెను!

ఇప్పుడు చెరువులలో ఫైబరు పడవలే మెండు. వీనికి ఎపాక్సీ జిగురు మేలు. పాలియెస్టరు రెసినుతో చేసిన పడవకు ఎపాక్సీ చక్కగ అంటును. ఎపాక్సీపై పాలియెస్టరు అంతగా అంటదు. లోనికి కొద్దిగా మాత్రమే దిగిన మేకు రంధ్రమునకు మూతిని గరాటువలె వెడల్పు చేసి, ఎపాక్సీలో సన్నని రంపపు పొట్టు కలిపి ముద్దగ నింపిన చాలును. ఆవలికి దూసిన బోల్టు రంధ్రమున కట్లు కాదు. ముద్ద అంచులను మాత్రమే పట్టుకొనియుండును. మోటారు అదురునకు ఊడును. చుట్టును దళసరికి పండ్రెండు రెట్ల దూరము వాలుగ అరుగదీయవలెను. అనగా 5 మిల్లీమీటర్ల దళసరికి 60 మిల్లీమీటర్లు. ఆ పల్లమున ఫైబరు గుడ్డను ఎపాక్సీలో తడిపి పొరపై పొరగా వేయవలెను. అరుగదీయునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. గాజు ధూళి ఊపిరితిత్తులకు హాని.

రెండు పొరల నడుమ కొయ్య పెట్టి చేసిన పడవలున్నవి. వీని రంధ్రమున చేరిన నీరు బయటికి కనబడక లోలోపల కొయ్యను క్రుళ్లజేయును. తట్టి చూచినచో గుల్ల చప్పుడు వచ్చును. మెత్తబడిన కొయ్యను గోకివేసి, ఆరబెట్టి, ఎపాక్సీతో నింపి, క్రొత్త బోల్టును ఆ గట్టి ముద్ద నడుమనే తొలుచుట మంచిది.

సిలికోను గొట్టము అంగళ్లలో చౌకగ దొరకుటచే పలువురు దానినే ఆశ్రయించుచున్నారు. మేము దానిని మెచ్చము. ఒకమారు సిలికోను తగిలిన చోట తరువాత జిగురుగాని, రంగుగాని నిలువదు. తుడిచిన పోదు, గోకి అరుగదీయవలసినదే.

ఎపాక్సీ డబ్బాలపై వ్రాసిన పాలు తప్పరాదు. గట్టిపరచు మందు ఎక్కువ పోసిన త్వరగ గట్టిపడునను తలంపు తప్పు. అది మెత్తగనే మిగులును. కొయ్యపై ఈ పని సాయంకాలము ఎండ తగ్గుచుండగా చేయుడు. పొద్దుట చేసినచో వేడెక్కుచున్న కొయ్యలోని గాలి బుడగలై జిగురును పైకి నెట్టును.

పూర్తిగ గట్టిపడిన పిదప పడవను దిమ్మెలపై నిలిపి, లోపల నాలుగు వ్రేళ్ల లోతు నీరు పోసి, అడుగున ముగ్గుపొడి రాసి ఒక పూట విడువుడు. తడి మచ్చ కనబడిన చోట మరల తొలువవలెను. అంతకంటె లోతు నీరు పోయరాదు. ఆ బరువునకు దిమ్మెల నడుమ అడుగు వంగును.