వెండిపెట్టెపై కోటబొమ్మ

చరిత్రకు ఆధారములు శాసనములు, నాణెములు మాత్రమే కావు. అరచేతిలో ఇమిడే వెండిపెట్టె కూడా, చదువ నేర్చినవారికి, ఒక చిన్న శాసనమే.

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్న స్త్రీలు 'వినెగ్రెట్' అనే బుల్లిపెట్టెను వెంట ఉంచుకొనేవారు. సుగంధద్రవ్యములు కలిపిన వినెగర్‌లో తడిపిన స్పాంజిని అందులో చిల్లుల జాలీ క్రింద అమర్చి, దుర్వాసన సోకినపుడు గాని, సొమ్మ వచ్చునట్లున్నపుడు గాని ఆఘ్రాణించేవారు. ఆ పుల్లని ద్రవము వెండిని తినివేయకుండా లోపల బంగారుపూత వేసేవారు.

1830 తరువాత బర్మింగ్‌హామ్ పనివారు, ముఖ్యంగా నాథానియేల్ మిల్స్ కర్మాగారమువారు, ఈ మూతలపైనను, విజిటింగ్ కార్డుల పెట్టెలపైనను విండ్సర్, వార్విక్ కోటల వంటి ప్రసిద్ధ కట్టడములను ఉబ్బెత్తుగా తీర్చిదిద్దిరి. వీటినే 'కాసిల్ టాప్' పెట్టెలందురు. నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ 1832లో మరణింపగా, 1833లో ఆయన గృహమైన ఆబట్స్‌ఫర్డ్ సందర్శకులకు తెరువబడినది; ఆ గృహమును ఈ మూతల కెక్కినది. దేశమును చూడవలెనను ఉత్సాహము, సాహిత్యాభిమానము ఈ బొమ్మలలో కలిసినవి.

అయితే సేకరించేవారు బొమ్మకన్న ముందు ముద్రలను చదువవలెను. బర్మింగ్‌హామ్‌కు 1773లో స్వంత పరీక్షాకార్యాలయము లభించినది. దాని గుర్తు లంగరు. నడుచుచున్న సింహము నూటికి 92.5 పాళ్ల వెండికి హామీ. ఒక అక్షరము సంవత్సరమును, పొడి అక్షరములు తయారీదారుని తెలుపును. 1784 నుండి 1890 వరకు పన్ను చెల్లించినందుకు గుర్తుగా రాజు లేక రాణి తలబొమ్మ కూడా ఉండేది.

కోటబొమ్మ ఉన్న పెట్టెకు సాదా పెట్టెకన్న ధర మిక్కిలి ఎక్కువ. కనుకనే పాత సాదా పెట్టెపై కొత్తగా బొమ్మను చేర్చి అమ్మే మోసమును పుట్టినది. అట్టి పెట్టెలో ముద్రలు నిజమైనవే, బొమ్మ మాత్రమే అబద్ధము! మూత, అడుగుల ముద్రలు పొసగుచున్నవా, బొమ్మ అంచుల అరుగుదల తక్కిన పెట్టె అరుగుదలతో సరిపోవుచున్నదా అని భూతద్దముతో పరిశీలింపవలెను.

అజ్ఞానమువలన కలిగే నష్టము మరొకటి. తళతళలాడవలెనని మాటిమాటికి గట్టిగా తోమినచో గోపురముల గీతలు, ముద్రలు రెండును అరిగిపోవును. అరిగిన అక్షరమును ఏ కంసాలియు తిరిగి తేలేడు.

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలోని పాత వెండివస్తువులను కరిగింపనిచ్చుటకు ముందు, ఒక్కసారి తిప్పి అడుగుభాగమును చూడుడు. అక్కడ ఎవరి పేరో, ఏ కాలమో వ్రాసియుండవచ్చును.