నాకేటీ నేదు



ఉద్దానం పల్లెల్లో ఏ ఇంటికి వెళ్లి "ఒంట్లో ఎలా ఉంది మావా?" అని పలకరించినా ముందుగా వచ్చే జవాబు "నాకేటీ నేదు, బాగానే ఉన్నాను" అన్నదే. మర్యాద కోసం అనే మాట అది. ఇంటికి వచ్చినవారికి మన బాధలు చెప్పి వారి మనసు కష్టపెట్టకూడదన్న పెద్దరికం కూడా అందులో ఉంది. అయితే ఇదే మాట మనం డాక్టరుతోనూ అంటున్నాం, రక్తపరీక్షల కోసం ఊళ్లోకి వచ్చిన నర్సమ్మతోనూ అంటున్నాం, కట్టుకున్న ఇల్లాలితోనూ అంటున్నాం. చివరికి రాత్రి మంచం మీద పడుకుని మనతో మనమే అనుకుంటున్నాం. చిక్కంతా అక్కడే ఉంది. మనిషిని ముందుకు పోనివ్వని గుణాల గురించి చెప్పేటప్పుడు బద్ధకం, భయం, వాయిదా వేయడం అని పేర్లు చెప్పి ఊరుకుంటాం. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఆ గుణాలు ఏ వేషంలో తిరుగుతున్నాయో ఈ వారం కాస్త దగ్గరగా చూద్దాం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు ఈ ప్రజల తప్పువల్ల వచ్చినది కాదు. షుగరు, బి.పి. ముదిరినవారికి కిడ్నీలు దెబ్బతినడం లోకమంతటా ఉన్నదే. ఇక్కడ మాత్రం ఆ రెండూ లేనివారికి, తోటల్లోనూ పొలాల్లోనూ ఒళ్లు వంచి పనిచేసేవారికి వస్తోంది. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉద్దానంలో రెండువేల మందికి పైగా పెద్దవారిని పరీక్షిస్తే, నూటికి సుమారు 18 మందికి మూత్రపిండాల పనితీరు తగ్గినట్టు తేలింది. వారిలో ఎక్కువమందికి తెలిసిన కారణమేదీ కనబడలేదు. శ్రీలంకలో అనూరాధపురం వైపు వరి రైతులకు, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కూలీలకు ఇలాంటి జబ్బే ఉంది. నీరా, ఎండా, పురుగుమందులా, నేలలోని ఖనిజాలా, లేక ఇవన్నీ కలిసి చేస్తున్న పనా? ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా రూఢిగా తేలలేదు. కాబట్టి "మీ అలవాట్లవల్లే మీకు జబ్బు" అని ఎవరైనా అంటే అది అన్యాయం. జబ్బు రావడం మన చేతిలో లేదు. వస్తుందేమోనన్న అనుమానం కలిగాక, వచ్చిందని తెలిశాక మనం నడుచుకునే తీరు మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది. ఆ కొంత గురించే ఈ మాటలన్నీ.

మూత్రపిండం మూగది. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. కిడ్నీ సగం పాడైనా ఒక్క పూట నొప్పి పెట్టకపోవచ్చు. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల సన్నని వడపోతలు ఉంటాయి. వాటిలో కొన్ని చచ్చిపోతే మిగిలినవి ఆ పని కూడా నెత్తిన వేసుకుంటాయి. అందువల్ల మనిషికి ఏ తేడా తెలియదు. ఆకలి చచ్చి, వాంతులు, ఆయాసం మొదలయ్యేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. "నొప్పి లేదు కనుక జబ్బు లేదు" అన్న మన లెక్క కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు సరిపోతుందేమో గాని, ఇక్కడ సరిపోదు. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉందో చూసే పరీక్ష చిన్నది, చేతినుంచి కాస్త రక్తం తీస్తే చాలు. అయినా కోతలయ్యాక చూద్దాం, పండగ వెళ్లాక చూద్దాం, అమ్మాయి పెళ్లయ్యాక చూద్దాం అంటాం. ఆవు ఒక పూట మేత ముట్టకపోతే పశువుల ఆసుపత్రికి తోలుకుపోయే మనిషే తన సంగతి వచ్చేసరికి మూడేళ్లు వాయిదా వేస్తాడు! ఆవు పాలివ్వకపోతే ఇల్లు గడవదని అతనికి తెలుసు. తాను మంచం పడితే ఇల్లు ఎలా గడుస్తుందో ఒక్కసారి కూర్చుని లెక్కవేసుకోడు.

దీనికి తోబుట్టువు లాంటిది నొప్పి బిళ్ళ. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టి పప్పు ఒలిచే అక్కచెల్లెళ్లను చూడండి. పొద్దుటినుంచి ఒకే చోట కూర్చుని చేసే పని. పిక్క పెంకులోని నూనె తగిలి చేతులు బొబ్బలెక్కుతాయి, నడుము పట్టేస్తుంది. టెక్కలి దగ్గర రాతి క్వారీల్లో పనిచేసేవారి నడుములూ అంతే. కొబ్బరి చెట్లెక్కి దిగేవారి మోకాళ్లూ అంతే. సాయంత్రం ఇంటికి పోతూ మందుల షాపులో "ఒళ్లు నొప్పులకు రెండు బిళ్ళలివ్వు" అని చేయి చాపుతారు. చీటీ అడిగేవారు లేరు, చూపేవారు లేరు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగని ఒంటికి వాటి దెబ్బ మరీ ఎక్కువ. ఏడాది పొడుగునా వారానికి నాలుగేసి మింగితే ఏమౌతుందో చెప్పనక్కరలేదు. బిళ్ళ వేసుకున్న మనిషి తప్పుచేశాడని నేను అనను. రేపు పనిలోకి వెళ్లకపోతే కూలి రాదు. ఆ రోజు కూలి నిలబెట్టుకోవడానికి అతనికి కనిపించిన దారి అది. కాని ఆ దారి ఎక్కడికి పోతుందో చెప్పే బాధ్యత చదువుకున్న పిల్లలకు, ఇరుగుపొరుగుకు ఉంది. కనీసం "నాకు కిడ్నీ పరీక్ష కాలేదు, ఈ బిళ్ళ వేసుకోవచ్చా?" అని ఒక్క ప్రశ్న డాక్టరును అడగవచ్చు గదా.

ఇక అన్నిటికంటే బరువైనది దాచడం. ఉద్దానం ఊళ్లకు పిల్లనివ్వడానికి, అక్కడినుంచి పిల్లను తెచ్చుకోవడానికి బయటివారు వెనుకాడుతున్నారన్న సంగతి పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. అందుకని కొన్ని ఇళ్లలో తండ్రి రిపోర్టు ట్రంకుపెట్టె అడుగుకు పోతుంది. కూతురి సంబంధం కుదిరేదాకా అది అక్కడే ఉంటుంది. ఆయన మందులు వేసుకుంటే ఎవరైనా చూస్తారని మానేస్తాడు. ఊళ్లో శిబిరం పెట్టినా "నాకేటీ నేదు" అని తోటకు పోతాడు. బిడ్డమీద ప్రేమతోనే ఇదంతా. ఆ ప్రేమను ఎవరు కాదనగలరు? కాని పెళ్లయిన ఏడాదికే ఆ తండ్రి డయాలసిస్ మంచమెక్కితే, కొత్త పెళ్లికూతురు అత్తవారింట్లో తలెత్తుకోగలదా? అప్పుడు జబ్బుతోపాటు దాచారన్న మాట కూడా ఆమె మోయాలి. ముందే పరీక్ష చేయించుకుని, ఉప్పు తగ్గించి, బి.పి. అదుపులో ఉంచుకుని, వద్దన్న మందులు మానివుంటే ఆ మంచం కొన్నేళ్లు వెనక్కి జరిగివుండేదేమో. సంబంధాల మాట వచ్చింది గనుక ఇంకొకటి. వియ్యాలవారి ఊరి పేరు వినగానే ముఖం తిప్పుకునే పెద్దలు మన విచారణల్లోనూ ఉన్నారు. ఇతరులు దాచడానికి కారణం తామేనని వారికి తోచదు.

కొందరు మరో మాట అంటారు: "ఇది మా రాత." యోహాను సువార్త 5వ అధ్యాయంలో యెరూషలేము కోనేటి గట్టున ముప్పయి ఎనిమిదేళ్లుగా జబ్బుతో పడివున్న మనిషి గుర్తున్నాడా? నీకు బాగవ్వాలని ఉందా అని ప్రభువు అడిగితే, అతను ఔనని గాని కాదని గాని చెప్పలేదు. నన్ను నీళ్లలోకి దించేవాడు లేడు, నాకంటే ముందు ఇంకొకడు దిగిపోతాడు అని తన కష్టాల చిట్టా విప్పాడు. అతను అబద్ధం చెప్పలేదు, నిజంగానే అతనికి ఎవరూ లేరు. కాని అన్నేళ్ల నిజమైన కష్టం అతని నోట ఒకే పాఠంగా స్థిరపడిపోయింది. ఉద్దానంలోనూ అదే జరుగుతోందనిపిస్తుంది. ఇది రాతను నమ్మి చేతులు ముడుచుకునే గడ్డ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేస్తే, కాపుకొచ్చేందుకు ఏళ్లు పడుతుందని తెలిసే మళ్లీ కొబ్బరి మొక్కలు నాటినవారున్నారు. 2010లో సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని నిలబడి పోలీసు కాల్పులను ఎదుర్కొన్నవారు వీరే. అంత ఓపిక, అంత తెగువ ఉన్నవారు ఒక సూది పొడుపు దగ్గర రాత పేరెత్తితే, అది నమ్మకం కాదు, భయం. రిపోర్టులో ఏముంటుందోనన్న భయం. భయాన్ని భయమని ఒప్పుకుంటే ఎవరైనా తోడు వస్తారు. రాత అంటే తోడు వచ్చేవారు కూడా తల వంచుకుని వెళ్లిపోతారు.

విశ్వాసుల ఇళ్లలో ఇదే భయం ఇంకో రూపంలో వస్తుంది. ప్రార్థన చేస్తున్నాం గదా, మందులెందుకు, పరీక్షలెందుకు అని. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం ఒకసారి తీసి ఇంటిల్లిపాదీ చదవండి. జబ్బు చేసినప్పుడు ప్రార్థించమని, వైద్యుణ్ణి కూడా పిలవమని రెండు మాటలూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

జబ్బు ఉందని తెలిసినవారి ఇళ్లలో చిక్కులు వేరు. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. ఒకప్పుడు విశాఖపట్నం కె.జి.హెచ్.కో, బరంపురమో పోవలసివచ్చేది. తర్వాత సోంపేట, పలాస, టెక్కలి ప్రభుత్వాసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలసిస్ చేయించుకునేవారి పింఛను నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ అదే రోజు మొదలైంది. ఇవి వచ్చాక కూడా "ఈ ఒక్కసారికి మానేద్దాం, ఇంట్లో చుట్టాలున్నారు" అనేవారున్నారు. ఒకసారి మానితే ఒంట్లో పొటాషియం పేరుకుంటుంది. అది హద్దు దాటితే గుండె ఆగిపోవచ్చు. మన కొబ్బరి నీళ్లలో ఆ పొటాషియమే నిండుగా ఉంటుంది. ఆరోగ్యవంతుడికి చలువచేసే కొబ్బరి బొండం, జబ్బు ముదిరినవాడికి ముప్పు తేవచ్చు. కొబ్బరి తోటల మధ్య పుట్టినవాడికి బొండం వద్దని చెప్పడం కష్టమే. పరామర్శకు వెళ్లేవారు నాలుగు బొండాలు చేత్తో పట్టుకుపోవడం మన ఆచారం. మీరు వెళ్లేటప్పుడు ఆ ఇంటివారిని ముందు అడగండి. ఉప్పు చేప, ఆవకాయ సంగతీ అంతే. నీళ్లు ఎక్కువ తాగమనే సలహా కూడా ఆరోగ్యంగా ఎండలో పనిచేసేవారికే. డయాలసిస్ మీద ఉన్నవారు డాక్టరు కొలిచి చెప్పినంతే తాగాలి.

అలవాటు మారుతుందా అని అడిగేవారికి మన తీరంలోనే ఒక ఉదాహరణ ఉంది. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మన నాయనమ్మల కాలంలో ఇంటింటా ఉండేది. దానివల్ల అంగిట్లో పుండ్లు, కేన్సరు వస్తాయని 1960లలోనే టాటా మౌలిక పరిశోధన సంస్థవారు శ్రీకాకుళం పల్లెలు తిరిగి పరీక్షలు చేశారు. "మా అమ్మ కాల్చింది, ఎనభై ఏళ్లు బతికింది" అన్న జవాబు వారికీ వచ్చే ఉంటుంది. పెద్దవాళ్లలో ఇప్పటికీ మాననివారున్నారు. కాని వారి మనవరాళ్లకు ఆ అలవాటు పెద్దగా అంటలేదు. చుట్ట మానమన్న ఒక్క ఉపన్యాసం వల్ల ఇది జరగలేదు. బడి, పక్కింటివారు, కళ్లారా చూసిన ఒక చావు, అన్నీ కలిశాయి.

మరి ఒక కుటుంబం ఈ వారం ఏం చేయగలదు? కుటుంబ ప్రార్థన ముగిశాక ఐదు నిమిషాలు ఎవరూ లేవకండి. ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో అడగండి. "నాకేటీ నేదు" అన్న జవాబు వస్తే, "ఉందో లేదో కాదు మావా, ఎప్పుడు చూపించుకున్నావు?" అని మళ్లీ అడగండి. భార్య అడిగితే కసురుకునే మనిషి కూతురు అడిగితే కాస్త మెత్తబడతాడు. ఒంటరిగా పంపకండి, తోడు వెళ్లండి. కూలి పోతుందంటే ఇద్దరు ముగ్గురు ఇళ్లవారు ఒకే రోజు వెళ్తే ఆటో ఖర్చయినా కలిసొస్తుంది. ఒక చిన్న పుస్తకం పెట్టి అందులో తేదీ, క్రియాటినిన్ అంకె, బి.పి. రాయండి. పిల్లల జ్ఞానస్నాన పత్రాలు, రేషను కార్డు దాచుకునే చోటే ఆ పుస్తకాన్నీ పెట్టండి. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో అడిగి ఆ తేదీ కూడా అందులోనే రాసుకోండి. ఒక్క అంకెను చూసి డాక్టరు చెప్పగలిగింది తక్కువ. కొన్ని నెలల తేడాతో తీసిన రెండు మూడు అంకెలు పక్కపక్కన కనబడితే, మూత్రపిండం నిలకడగా ఉందా, జారుతోందా, ఎంత వేగంగా జారుతోందన్నది ఆయన అంచనా వేయగలరు.