ఊపిరితిత్తులకు మూలకణ చికిత్స: నిజమెంత?

"మూలకణాల ఇంజెక్షన్ చేయిస్తే పాడైన ఊపిరితిత్తులు కొత్తవవుతాయట, నిజమేనా సిస్టర్?" అని ఆయాసంతో బాధపడేవారి కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. కొందరు పొలం అమ్మడానికి కూడా సిద్ధపడుతున్నారు. కాబట్టి ఈ సంగతి అందరూ తెలుసుకోవాలి.

మూలకణాలు అంటే ఏమిటి?
ఇవి విత్తనాల వంటివి. తాము మిగిలి ఉంటూనే వేరే కణాలను పుట్టిస్తాయి. ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న గాలి గదులు ఉంటాయి. వాటి గోడల్లోని టైప్ 2 కణాలు మూలకణాల పని చేస్తాయి. న్యుమోనియా తగ్గాక దెబ్బతిన్న గోడను బాగుచేసేవి ఇవే. అయితే ఏళ్ల తరబడి చుట్ట, బీడీ, కట్టెల పొయ్యి పొగ పీల్చినవారిలో ఆ గోడలే చిరిగిపోతాయి. గోడ పోయిన చోట కొత్త కణం నిలవడం కష్టం.

పరిశోధన ఎంతవరకు వచ్చింది?
జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో ఎలుకల చర్మ కణాలను, 2007లో మనుషుల చర్మ కణాలను మూలకణాల వంటివిగా మార్చారు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి కణాల నుండి నేడు ప్రయోగశాలల్లో ఊపిరితిత్తుల కణాలను పెంచి, మందులను పరీక్షిస్తున్నారు. అమెరికాలో 62 మంది సి.ఓ.పి.డి. రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మూలకణాలు ఎక్కించినందువల్ల పెద్ద హాని కనబడలేదు గానీ, ఊపిరి శక్తి మాత్రం పెరగలేదు.

మన దేశంలో నియమం ఏమిటి?
రక్త జబ్బుల వంటి వాటికి చేసే ఎముక మజ్జ మార్పిడి తప్ప, మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనలో మాత్రమే వాడాలని ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటి పరిశోధనలో రోగి నుండి డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అనుమానించండి.

మీరు చేయవలసినవి:
1. పొగ పూర్తిగా మానండి. వంటింట్లో పొగ బయటికి పోయే దారి ఉంచండి.
2. ఇన్‌హేలర్ సరిగా పీలుస్తున్నారో లేదో నర్సుకు చూపించి సరిచూసుకోండి.
3. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరుగారిని అడగండి.
4. రోజూ చేతనైనంత నడవండి, నేర్పిన శ్వాస వ్యాయామాలు చేయండి.
5. ఎవరైనా కొత్త చికిత్స చెబితే, డబ్బు కట్టకముందే ఆ కాగితాలు మా దగ్గరకు తీసుకురండి. కలిసి చదువుదాం.